బీమ్‌లో రంధ్రం ఎక్కడ పెట్టనిస్తారు?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. స్ట్రక్చరల్ డిజైన్‌లో స్థిరపడాలని ఉంది. మార్కులు బాగానే వస్తాయి. ఈమధ్య ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో 'బీమ్‌లోంచి 100 మిల్లీమీటర్ల పైపు పోవాలి, రంధ్రం ఎక్కడ పెట్టనిస్తారు? కాంక్రీట్ అయితే? స్టీల్ అయితే? చెక్క దూలమైతే?' అని అడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటారా, నేరుగా పీజీకి వెళ్లమంటారా?

జవాబు: రెండింటి సంగతీ చెబుతాను. ముందు ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం. అడిగినవారు మంచి ఇంజినీరు అయ్యుంటారు. దానికి కావాల్సిన చదువంతా మీరు ఇప్పటికే చదివేశారు. కాకపోతే బెండింగ్ మొమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం), షియర్ (బీమ్‌ను అడ్డంగా కోసే బలం) డయాగ్రామ్‌లు పరీక్షలో గీయడానికే అనుకున్నారు. పైపు ఎక్కడ పోవాలో చెప్పేవి అవే.

రెండు చివర్లా ఆనించిన బీమ్ మీద బరువు సమంగా పరుచుకుని ఉందనుకోండి. షియర్ ఆనికల దగ్గర ఎక్కువ, మధ్యలో దాదాపు సున్నా. వంపు వల్ల వచ్చే లాగుడు కింది అంచున, నొక్కుడు పై అంచున ఎక్కువ. బీమ్ లోతులో, అంటే పై అంచు నుంచి కింది అంచు వరకు ఉన్న ఎత్తులో, నడిమి భాగానికి ఆ పని తక్కువ. కాబట్టి రంధ్రాన్ని ఆనికలకు దూరంగా, లోతులో నడుమ పెట్టనివ్వాలి. జవాబులో మొదటి సగం ఇదే. మూడు పదార్థాలకూ వర్తిస్తుంది.

రెండో సగంలో మూడూ మూడు దారులు. కాంక్రీట్ బీమ్ అయితే మొదట అడగాల్సింది 'పోత పోశారా, ఇంకా లేదా?' అని. పోయకముందైతే స్లీవ్ (పైపు దూరేందుకు ముందే ఉంచే గొట్టం) పెట్టి, చుట్టూ అదనపు రాడ్లు, రింగులు ఇచ్చి డ్రాయింగ్‌లోనే చూపించవచ్చు. పోసేశాక కోర్ కటింగ్ (యంత్రంతో గుండ్రంగా తొలచడం) చేస్తామంటే, లోపల రాడ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయించకుండా సరేనని అనకూడదు. మెయిన్ రాడ్ తెగితే ఆ బీమ్ మీరు డిజైన్ చేసిన బీమ్ కాదు. స్టీల్ బీమ్ అయితే నిలువుగా ఉండే వెబ్‌లో పెట్టవచ్చు, అవసరమైతే చుట్టూ ప్లేటు వెల్డ్ చేసి బలపరచవచ్చు. పైనా కిందా అడ్డంగా ఉండే ఫ్లాంజ్ జోలికి మాత్రం పోనివ్వకూడదు. వంపును మోసేది అదే.

చెక్క దూలం దగ్గర 100 అనే అంకె పట్టించుకోవాలి. రంధ్రం వ్యాసం దూలం లోతులో మూడో వంతు మించకూడదన్నది ఇళ్ల చెక్క దూలాలకు వాడుకలో ఉన్న నియమం. 200 మిల్లీమీటర్ల లోతున్న దూలానికి 100 మిల్లీమీటర్ల రంధ్రమంటే సగం పోయినట్టే. 'ఈ పైపు ఇందులోంచి పోదు, దూలం కింద నుంచి తీసుకెళ్లండి' అన్నదే అక్కడ సరైన జవాబు. వద్దని చెప్పడం కూడా డిజైనే.

చెక్క గురించి ఇంకో మాట, ఎందుకంటే చాలా కాలేజీల్లో దాన్ని రెండు తరగతుల్లో ముగించేస్తారు. చెక్క నార వెంబడి ఎంత గట్టిదో, నారకు అడ్డంగా లాగితే అంత బలహీనం. పైగా ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది. లోతైన దూలం చివరకు స్టీల్ ప్లేటు పెట్టి, ఒక బోల్టు పై అంచు దగ్గర, ఒకటి కింది అంచు దగ్గర బిగించారనుకోండి. లెక్కలో రెండు బోల్టులూ చక్కగా సరిపోతాయి. దూలం ఆరి కుంచించుకుపోబోతుంది, ప్లేటు మాత్రం కదలదు. మధ్యలో చిక్కుకున్న చెక్క నార వెంబడి చీలుతుంది. బరువు పెరగకుండానే అతుకు పాడవుతుంది. ఇప్పుడు చెక్కతో ఎత్తైన భవనాలే కడుతున్నారు. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టోర్నెట్ 85.4 మీటర్ల చెక్క భవనం; అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన అసెంట్ 86.6 మీటర్లు. ఈ విద్య తెలిసినవారికి పని పెరుగుతోంది, నేర్చుకున్నవారు మాత్రం తక్కువ. మీకు ఆసక్తి ఉంటే ఇది మంచి దారి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. నేర్చుకోండి, అది లేకుండా డిజైన్ ఆఫీసులో రోజు గడవదు. కానీ దానికోసం ఏడాది కేటాయించకండి. ఒక ప్రోగ్రామ్ బాగా వస్తే రెండోది కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. అంతకన్నా విలువైనది, కంప్యూటర్ ఇచ్చిన జవాబును కాగితం మీద పట్టుకోగలగడం. ఒక కాలమ్ ఒక్కో అంతస్తులో 20 చదరపు మీటర్లు మోస్తోంది, నాలుగు అంతస్తులు. సొంత బరువు, గోడలు, మనుషులు అన్నీ కలిపి చదరపు మీటరుకు 12 కిలోన్యూటన్లు అనుకుంటే మొత్తం 960. సాఫ్ట్‌వేర్ 1,000 చూపిస్తే ముందుకు వెళ్లండి. 300 చూపిస్తే మోడల్‌లో ఏదో స్లాబ్ బీమ్‌కు అతుక్కోలేదని అర్థం. ఈ లెక్కకు ఒక్క నిమిషం చాలు. ఇది వేయకుండా రిపోర్టు ప్రింట్ తీసే కుర్రవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

పీజీ విషయానికొస్తే, ఎత్తైన భవనాలు, వంతెనలు, భూకంప డిజైన్ వైపు వెళ్లాలంటే అవసరమే. అయినా వెంటనే వద్దని నా సలహా. ముందు ఒక ఏడాది పని చేయండి, అందులో కనీసం ఆరు నెలలు సైట్‌లో ఉండేలా చూసుకోండి. ఎందుకో ఒక బాల్కనీతో చెబుతాను. 125 మిల్లీమీటర్ల స్లాబ్ గోడలోంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. అక్కడ లాగుడు పై భాగాన ఉంటుంది కాబట్టి మెయిన్ రాడ్లు పైనే ఉండాలి. కింది అంచు నుంచి రాడ్ మధ్య వరకు సుమారు 100 మిల్లీమీటర్లు, దాని మీదే మీ లెక్క. కాంక్రీట్ పోసే రోజు రాడ్లను పైన ఎత్తి పట్టే చెయిర్లు సరిపడా లేక, మనుషులు రాడ్ల మీద నడిచి, అవి 40 మిల్లీమీటర్లు కిందికి దిగాయి. మిగిలింది 60. దాదాపు నలభై శాతం బలం పోయింది. డ్రాయింగ్ సరైనదే, లెక్క సరైనదే, కాంక్రీట్ కూడా మంచిదే. పోసేశాక పైకి ఏమీ కనబడదు. పోతకు ముందు వంగి చెయిర్లు లెక్కపెట్టే అలవాటు తరగతి గదిలో రాదు.

స్టీల్‌లో ఇదే జాగ్రత్త అతుకుల దగ్గర కావాలి. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక హోటల్ లోపల వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్‌లో నాలుగో అంతస్తు దారి, దాని కిందున్న రెండో అంతస్తు దారి, రెండూ కప్పు నుంచి దిగిన ఒకే పొడవాటి రాడ్లకు వేలాడాలి. తయారీ సులువు కోసం ఒక్కో రాడ్‌ను రెండు చేశారు: కప్పు నుంచి పై దారికి ఒకటి, పై దారి నుంచి కింది దారికి ఒకటి. దాంతో పై దారి బీమ్ కింద ఉన్న నట్ మీద రెండు దారుల బరువు పడింది. అసలు డ్రాయింగ్ ప్రకారం కట్టినా నిబంధనలు కోరిన బలంలో 60 శాతమే ఉండేదని దర్యాప్తులో తేలింది. ఆ మార్పుకు ముందు ఎవరైనా ఆ నట్ ఎంత మోస్తోందో కూర్చుని లెక్క వేసి ఉంటే బయటపడేది. డిజైన్ ఆఫీసులో మీ మొదటి పనుల్లో ఒకటి సరిగ్గా ఇలాంటి ఫ్యాబ్రికేషన్ డ్రాయింగ్‌లు సరిచూడటమే కావచ్చు. చిన్న పని ఇచ్చారని చిన్నబుచ్చుకోకండి.

పరీక్షలయ్యేలోపు ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి. వారానికి ఒక మెట్లదారో, షెడ్డో, కాలిబాట వంతెనో చూసి, బరువు ఏ దారిలో నేలకు చేరుతోందో చేత్తో గీయండి. పక్కనే 'ముందు ఎక్కడ విఫలమవుతుంది?' అని రాసి జవాబు ఊహించండి. ఇరవై బొమ్మలు అయ్యాక మీ ప్రొఫెసర్‌కో, పనిచేస్తున్న సీనియర్‌కో చూపించి తప్పులు దిద్దించుకోండి. తర్వాతి ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. మళ్లీ పైపు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. 'ఆనికలు ఎక్కడున్నాయి? బీమ్ లోతు ఎంత? పోత అయిపోయిందా?' అని అడగండి.