రోటరీ టూల్ ఒక్కటి ఉంటే గ్రైండర్, డ్రిల్ అక్కర్లేదా?

మీరు అడిగింది నాలుగు పనుల గురించి. 12 మి.మీ. ఇనుప ఊచలు కోయడం, బాత్రూమ్ టైల్స్‌కి కన్నాలు పెట్టడం, తల అరిగిపోయిన తుప్పు స్క్రూలు తీయడం, చెక్క మీద చెక్కడం నేర్చుకోవడం. వీటన్నిటికీ చిన్న చిన్న బిట్లు బిగించి వేగంగా తిప్పే, చేత్తో పట్టుకునే రోటరీ టూల్ ఒక్కటి కొంటే సరిపోతుందా, గ్రైండర్, డ్రిల్ లేకుండా గడుస్తుందా అని. గడవదండి. స్క్రూలకీ, చెక్కడానికీ ఇంతకంటే వాటమైన టూల్ లేదు. టైల్స్‌కి ఓపిక ఉంటే పనికొస్తుంది. ఊచలకి మాత్రం వద్దు.

ఎందుకో తెలిస్తే మిగతా పనులకి జవాబులు మీకే తడతాయి. దీనికి ఉన్నదల్లా వేగమే, తిప్పే బలం చాలా తక్కువ. మామూలుగా దొరికేవి నిమిషానికి 5,000 నుంచి 35,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతాయి, మోటారు మాత్రం 130 నుంచి 175 వాట్ల దగ్గర ఉంటుంది. లెక్క కడితే 38 మి.మీ. కటింగ్ డిస్క్ 30,000 ఆర్‌పీఎం మీద తిరిగేటప్పుడు దాని అంచు సెకనుకు దాదాపు 60 మీటర్ల వేగంతో పోతుంది. 100 మి.మీ. డిస్క్ ఉన్న యాంగిల్ గ్రైండర్ 11,000 మీద తిరిగితే దాని అంచు వేగం దాదాపు 58 మీటర్లు. అంటే అంచు వేగంలో రెండూ సమానమే. కానీ గ్రైండర్ వెనక 700, 800 వాట్ల మోటారు ఉంది. అందుకే గ్రైండర్‌ని ఆనించి కోయొచ్చు, దీన్ని తాకించి కోయాలి. నొక్కితే చుట్లు పడిపోతాయి, చుట్లు పడిపోతే కోత ఆగి రాపిడి మొదలవుతుంది, ఆ వేడికి ముందు బిట్, తర్వాత మోటారు పోతాయి.

ఎంత నొక్కాలో కొలత చెప్పలేం గానీ చెవికి తెలుస్తుంది. ఖాళీగా తిరిగేటప్పుడు వచ్చే కీచు శబ్దం, పని మీద పెట్టాక కొద్దిగానే తగ్గాలి. గొంతు బొంగురుపోయినట్టు కిందికి దిగిందంటే చెయ్యి తేలిక చేయండి. ఇది ఒక్కటి అలవాటైతే బిట్ల ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇక ఊచల సంగతి. 38 మి.మీ. డిస్క్ వ్యాసార్ధం 19 మి.మీ. మధ్యలో మాండ్రెల్ (డిస్క్‌ని బిగించే కాడ) తల, ఆ కాడని పట్టుకునే కాలెట్ నట్టు అడ్డం వస్తాయి కాబట్టి కొత్త డిస్క్‌తో కూడా కోత లోతు 13, 14 మి.మీ. మించదు. పైగా కోస్తున్నకొద్దీ డిస్క్ అరిగి చిన్నదవుతుంది, లోతు ఇంకా తగ్గుతుంది. 12 మి.మీ. ఊచని అన్ని వైపులా తిప్పుకుంటూ కోయాలి, ఒక్క ఊచకే డిస్కులు వరసగా అయిపోతాయి, మధ్యమధ్య మోటారుకి విశ్రాంతి ఇవ్వాలి. హాక్సా బ్లేడుతో చేత్తో కోసినా దీనికంటే ముందే అయిపోతుంది. గోడ మందం ఒకటిన్నర మి.మీ. ఉన్న పైపు, కర్టెన్ రాడ్డు, 6 మి.మీ. వరకు బోల్టులు మాత్రం హాయిగా తెగుతాయి. బోల్టు కోసేముందు కోసే చోటికి లోపలివైపు ఒక నట్టు ఎక్కించి పెట్టండి. కోశాక అంచు కాస్త నున్నగా రాచి ఆ నట్టుని బయటికి తిప్పితే, కోతలో దెబ్బతిన్న మరని అదే సరిచేస్తుంది.

స్క్రూల దగ్గర ఈ టూల్ విలువ తెలుస్తుంది. ప్లస్ గాడి పూర్తిగా అరిగి డ్రైవర్ జారిపోతుంటే తల మీద అడ్డంగా కొత్త గాడి కోసి మైనస్ డ్రైవర్‌తో తిప్పేయొచ్చు. వినడానికి తేలికే, కానీ డిస్క్ గుండ్రంగా ఉంటుందన్న సంగతి ఇక్కడ దెబ్బ కొడుతుంది. 24 మి.మీ. డిస్క్‌ని ఒకటిన్నర మి.మీ. లోతుకి దింపితే పైన గాడి పొడవు దాదాపు 11న్నర మి.మీ. వస్తుంది. స్క్రూ తల 8 మి.మీ. అయి, చుట్టూ ఉన్న చెక్కతోనో రేకుతోనో సమానంగా దిగి ఉంటే, రెండు పక్కలా దాదాపు రెండేసి మి.మీ. గాటు పడుతుంది. అదే అరిగి 15 మి.మీ.కి వచ్చిన పాత డిస్క్ అయితే అంతే లోతుకి గాడి 9 మి.మీ. మాత్రమే. అందుకే అరిగిన డిస్కులు పారేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచండి, ఈ పనికి కొత్తవాటికన్నా అవే మేలు.

ఇంకో చిక్కు. డిస్క్ నిలువుగా దిగాలంటే టూల్ స్క్రూ దిగిన ఉపరితలానికి సమాంతరంగా పడుకోవాలి. చిన్న డిస్క్ పెడితే టూల్ పొట్ట ముందే ఉపరితలానికి తగులుతుంది. అప్పుడు అందరూ చేసేది టూల్‌ని ఏటవాలుగా వంచడం. గాడి కూడా ఏటవాలుగా పడుతుంది, డ్రైవర్ పైకి ఎగదన్ని జారుతుంది, ఉన్న కాస్త లోహమూ పోతుంది. అంచు దగ్గరున్న స్క్రూ అయితే టూల్‌ని బయటివైపు ఉంచి కోయండి. తలుపు మధ్యలో ఉంటే ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ (టూల్‌కి తగిలించే వంగే గొట్టం) పెట్టండి, దాని పిడి సన్నగా ఉంటుంది కాబట్టి దాదాపు పడుకోబెట్టొచ్చు. గాడి కోయగానే తల బాగా కాలి ఉంటుంది. పూర్తిగా చల్లారనిచ్చి, తుప్పు వదిలే నూనె ఒక చుక్క వేసి, కాసేపాగి, గాడిలో బిగుతుగా పట్టే డ్రైవర్‌తో ముందు బిగించే వైపు రవ్వంత కదిపి ఆ తర్వాత విప్పండి. వేడిగా ఉన్నప్పుడు నూనె వేస్తే పొగ లేస్తుంది, దగ్గర్లో రవ్వ ఉంటే అంటుకుంటుంది కూడా.

కన్నాల విషయంలో డ్రిల్‌కి బదులు దీన్ని వాడాలనుకోవడం దగ్గరే ఎక్కువమంది బిట్లు పాడుచేసుకుంటారు. 3 మి.మీ. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌కి మెత్తని ఇనుములో 3,000 ఆర్‌పీఎం దగ్గర సరైన వేగం. ఈ టూల్ కనీస వేగమే 5,000. మొన నీలంగా మారి మెత్తబడుతుంది, ఇక కోయదు. ఇనుములో ఒకటిన్నర మి.మీ. లోపు కన్నాలు పెట్టొచ్చు. ఇత్తడి, అల్యూమినియం, చెక్కల్లో 3 మి.మీ. దాకా పర్వాలేదు. సర్క్యూట్ బోర్డుల్లో వాడే 0.8 మి.మీ. కార్బైడ్ బిట్లు ఉత్త చేత్తో పట్టుకుంటే విరిగిపోతాయి, కాస్త పక్కకి ఒరిగినా చాలు. వాటికి డ్రిల్ స్టాండ్ తప్పదు. కాంక్రీటు గోడకి ప్లగ్గు కన్నాలు అసలు దీని పనే కాదు, అక్కడ హామర్ డ్రిల్ కావాలి.

టైల్‌కి 6 మి.మీ. కన్నం అయితే డైమండ్ బిట్‌తో అవుతుంది. టైల్ మీద మాస్కింగ్ టేప్ అతికించి గుర్తు పెట్టండి. వేగం 5,000 నుంచి 10,000 మధ్యలో చాలు. బిట్‌ని నేరుగా నిలబెడితే జారి గీతలు పెడుతుంది, అందుకని 45 డిగ్రీల కోణంలో మొదలుపెట్టి, చంద్రవంకలా గాటు పడ్డాక మెల్లగా నిటారుగా లేపండి. నీళ్లు కావాలి. పడుకోబెట్టిన టైల్ అయితే గుర్తు చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి అందులో నీళ్లు పోయండి. గోడ మీదైతే తడి స్పాంజి కింద ఆనించి మధ్యమధ్య తడపండి. కరెంటు టూల్ కాబట్టి నీళ్లు బిట్ దగ్గరే ఉండాలి, మోటారు వైపు పోకూడదు, సాకెట్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. కొన్ని సెకన్లకోసారి బిట్ పైకెత్తి పొడి బయటికి రానివ్వండి. అవతలి వైపుకి వచ్చే ముందు చెయ్యి పూర్తిగా తేలిక చేయండి, పెచ్చు లేచేది అక్కడే. కుళాయి పైపు పట్టేంత పెద్ద కన్నానికి డ్రిల్‌కి డైమండ్ హోల్‌సా (అంచుతో గుండ్రంగా కోసే గిన్నెలాంటి బిట్) పెట్టడమే మంచిది. గట్టిపరిచిన గాజు, అంటే టఫెన్డ్ గ్లాసుని మాత్రం ముట్టుకోకండి. ఏ బిట్‌తో గాటు పెట్టినా మొత్తం పలక ముక్కలైపోతుంది.

చెక్క మీద చెక్కడానికి మొదట రెండు బర్లు (పళ్లున్న చిన్న కోత బిట్లు) చాలు: గరుకు ముళ్లున్న కార్బైడ్ బర్ ఒకటి, సన్న మొన ఉన్నది ఒకటి. గరుకుదానితో ఆకారం తేవాలి, సన్నదానితో గీతలు. చెక్క నల్లబడుతుంటే వేగం ఎక్కువైందనో, బర్ పళ్లలో పొట్టు ఇరుక్కుందనో అర్థం. నిలువు పోగుల వెంట కంటే అడ్డంగా పోయేటప్పుడు బర్ ఎగిరే అవకాశం ఎక్కువ. శాండింగ్ డ్రమ్ వాడేటప్పుడు పై స్క్రూ బిగిస్తే లోపలి రబ్బరు ఉబ్బి గరుకు గొట్టాన్ని పట్టుకుంటుంది. వేడెక్కితే రబ్బరు మెత్తబడి గొట్టం ఊడి ఎగురుతుంది కాబట్టి పని మధ్యలో ఒకసారి మళ్లీ బిగించండి. ఒక అంచే అరుగుతుంది గనక గొట్టాన్ని తిరగేసి రెండో అంచు కూడా వాడుకోవచ్చు.

ప్లాస్టిక్, అల్యూమినియం రెండూ ఇబ్బంది పెట్టే సరుకులే. అక్రిలిక్, పీవీసీలని ఎక్కువ వేగంతో కోస్తే కరిగి, డిస్క్ వెనకాలే మళ్లీ అతుక్కుంటాయి. 10,000 లోపు పెట్టి, రెండు మూడు సెకన్లు కోసి ఆపుతూ పోవాలి. అల్యూమినియాన్ని సాన రాయితో రాయకండి. రాయి రంధ్రాల్లో లోహం పూడిపోతుంది, కోత ఆగి వేడెక్కుతుంది, చివరికి రాయి పగలొచ్చు. దానికి పెద్ద పళ్ల కార్బైడ్ బర్ వాడి, మధ్యమధ్య కొవ్వొత్తికి తాకించండి, మైనం అంటుకుంటే లోహం పళ్లలో పేరుకోదు.

ఏ పనైనా బిట్ బిగించే పద్ధతి ఒకటే. కాడ 3.2 మి.మీ. అయితే 3.2 కాలెట్టే, 2.4 అయితే 2.4 కాలెట్టే. కాడని లోపలికి ఆనేదాకా దూర్చి ఒక మి.మీ. వెనక్కి లాగి బిగించండి. బయటికి ఎక్కువ పొడవు వదిలితే 30,000 ఆర్‌పీఎం దగ్గర ఆ సన్నటి కాడ వంగిపోయి బిట్ ఎగిరిపోతుంది. బిట్ లేకుండా కాలెట్ నట్టు బిగించకండి, కాలెట్ నలిగిపోతుంది. కొత్త బిట్ పెట్టగానే ముందు తక్కువ వేగంలో తిప్పి మొనని చూడండి. ఒకే చుక్కలా కనిపించాలి. మసకగా వెడల్పుగా కనిపిస్తే బిట్ వంకరైనా అయ్యుండాలి, సరిగా కూర్చోకపోయినా ఉండాలి.

టూల్‌ని ఎటు జరపాలన్నది చాలామంది పట్టించుకోరు. రవ్వలు ఎటు ఎగురుతున్నాయో అటే జరపండి. ఎదురుదిశలో లాగితే డిస్క్ పని మీదకెక్కి దానంతట అదే పరిగెడుతుంది. డిస్క్ గాడిలో ఉండగా పక్కకి వంచకండి. ఫైబర్ లేని సన్న డిస్కులు అలా వంచిన క్షణంలో పగులుతాయి, ముక్క ఎగిరేది డిస్క్ తిరిగే తలంలోనే. కాబట్టి మొహాన్ని ఆ వరసలో ఉంచకూడదు, పక్కనుంచి చూడాలి. కళ్లద్దాలు పెట్టకుండా స్విచ్ వేయొద్దు. వైర్ బ్రష్‌లనీ, ఫెల్ట్ పాలిషింగ్ చక్రాలనీ 15,000 దాటించకండి, దాటితే బ్రష్ తీగలు సూదుల్లా ఊడివస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకి మామూలు ఉక్కు బ్రష్ వాడితే దాని రేణువులు అంటుకుని తర్వాత అక్కడ తుప్పు మచ్చలు పడతాయి, దానికి స్టెయిన్‌లెస్ బ్రష్షే కావాలి. టైల్, ఫైబర్‌గ్లాస్ పొడి చాలా సన్నగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డ కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. పనిని చేత్తో పట్టుకోవద్దు, వైస్‌లోనో క్లాంపులోనో బిగించండి.

కొనేటప్పుడు 200 ముక్కల పెట్టె చూసి మోజు పడకండి, అందులో సగం ఎప్పటికీ వాడనివే ఉంటాయి. వేగం మార్చే డయల్ ఉండాలి, బరువు పడినా చుట్లు నిలబెట్టే ఎలక్ట్రానిక్ ఫీడ్‌బ్యాక్ ఉంటే ఇంకా మంచిది. దానితోపాటు ఫైబర్ కలిపిన కటింగ్ డిస్కులు పది, వాటికి గట్టి మాండ్రెల్ ఒకటి, కార్బైడ్ బర్లు రెండు, డైమండ్ బిట్లు రెండు, ఫ్లెక్సిబుల్ షాఫ్ట్. మీ మూడు పనులకీ ఇవి చాలు. ఊచలకి హాక్సా వాడండి, ఎక్కువుంటే గ్రైండర్ అద్దెకి తెచ్చుకోండి.

పని చేసేటప్పుడు గాలి రంధ్రాలని అరచేత్తో మూయకుండా పట్టుకోండి. తక్కువ వేగంలో లోపలి ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది కాబట్టి అప్పుడే మోటారు త్వరగా కాలుతుంది. చేతికి వేడి తగిలితే ఏమీ తాకించకుండా ఎక్కువ వేగంలో రెండు నిమిషాలు ఖాళీగా తిప్పండి, చల్లబడుతుంది. 40, 50 గంటల వాడకానికి ఒకసారి మోటారులోని కార్బన్లు (కార్బన్ బ్రష్‌లు) విప్పి చూడండి. 3 మి.మీ. కంటే పొట్టివైతే రెండూ కలిపి మార్చాలి. విప్పినవి బాగుంటే ఏది ఏ వైపు ఉందో, ఎటు తిరిగి ఉందో అలాగే మళ్లీ పెట్టాలి. కొత్తవి వేశాక ఐదారు నిమిషాలు సగం వేగంలో ఖాళీగా తిరగనిస్తే కార్బన్ మొన కమ్యుటేటర్ (మోటారులో కార్బన్లు ఆనుకుని ఉండే, తిరిగే భాగం) వంపుకి సరిపడా అరిగి కూర్చుంటుంది, ఆ తర్వాతే పనికి పెట్టండి.