ఏఆర్‌టీ మొదలయ్యాక తలనొప్పి పెరిగితే, మందు పడలేదని ఆపేయకండి

చెల్లెమ్మా, మీ అన్నయ్య ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీ మందులు, మొదలుపెట్టి నెల కాలేదు, అప్పుడే తలనొప్పి, వాంతులు ఎక్కువయ్యాయి, మందు పడలేదేమో, ఆపేద్దామా అని అడిగారు. మీ అంతట మీరు ఆపకండి. అలాగని ఇంట్లో పెట్టుకుని చూడకండి కూడా. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా ఆయనకూ హెచ్ఐవీయే. సీడీ4 (రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల లెక్క) బాగా పడిపోయి 38 ఉన్నప్పుడు తలనొప్పి పట్టుకుంది. మొదట చూపించిన చోట సైనస్ అన్నారు. పది రోజులు ఆ బిళ్లలతోనే గడిచిపోయాయి. చివరికి పెద్దాసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి చూస్తే, మెదడు పొరలకు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పట్టిందని తేలింది. వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయని మా అత్తయ్య ఒకటే ఏడుపు. నేనే సంతకం పెట్టాను. ఆ నీరు చుక్క చుక్కగా సీసాలో పడింది. రెండు రోజులుగా వెలుతురు చూడలేక ముఖం మీద తువ్వాలు కప్పుకున్న మనిషి, కాసేపటికి తువ్వాలు తీసి "టీ తాగాలనుంది" అన్నారు. తలలో పెరిగిన ఒత్తిడి తగ్గితే నొప్పీ తగ్గుతుందని అప్పుడే నాకు అర్థమైంది.

ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ మందు నరంలోకి ఎక్కిస్తుంటే చలి, వణుకు వచ్చేవి. కిడ్నీలకూ పొటాషియంకూ తరచూ రక్తపరీక్షలు చేసేవారు. తర్వాత అదే ఫంగస్‌కు ఫ్లూకొనజోల్ బిళ్లలు. మెదడుకు ఈ ఫంగస్ పడితే, దాని వైద్యం మొదలైన 4 నుంచి 6 వారాలకు గానీ ఏఆర్‌టీ ఇవ్వరు. తొందరపడితే ప్రాణానికే ముప్పు. మాకు ఐదో వారంలో ఇచ్చారు.

నెల తిరక్కుండానే మళ్లీ అదే తలనొప్పి! అంతా వృథా అయిందనుకున్నాను. మళ్లీ నీరు తీసి కల్చర్ చేస్తే, అంటే ల్యాబులో ఫంగస్ మొలుస్తుందేమో చూస్తే, ఏమీ పెరగలేదు. ఒంట్లో రోగనిరోధక శక్తి తిరిగొచ్చి, చచ్చిన ఫంగస్ మిగుళ్ల మీద విరుచుకుపడటంతో వాపు వచ్చిందని డాక్టరు చెప్పారు. దీన్నే ఐరిస్ అంటారు. ఏఆర్‌టీ ఆపలేదు, నీరు తీశారు, కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇచ్చారు. ఆ స్టెరాయిడ్ మాత్రం మీరు మెడికల్ షాపులో కొని వేయకండి, ఫంగస్ ఇంకా బతికుంటే హాని చేస్తుంది.

మీ అన్నయ్యకు లోపల దాగి ఉన్న ఫంగస్సో, టీబీయో ఇప్పుడు బయటపడుతూ ఉండొచ్చు. సీడీ4 ఎంతో చెప్పి, ఈ ఫంగస్ ఆనవాళ్లు చూసే క్రిప్టోకాకస్ యాంటిజెన్ రక్తపరీక్ష చేశారా అని అడగండి. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట తడబడినా తప్పకుండా చెప్పండి. ఏఆర్‌టీ పుస్తకం, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. వెన్ను సూదికి ఇంట్లో ఎవరైనా అడ్డుపడితే మా సంగతి చెప్పండి. మా ఆయన ఇప్పుడు పనికి నడిచే వెళ్తున్నారు.