పేరులో దాగిన కీవర్డ్

ప్రశ్న: 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమోడోర్ 64 ను అనుకరించే ఎమ్యులేటర్‌లో బేసిక్ భాషలో ప్రోగ్రాం రాస్తూ, ఒక వేరియబుల్‌కు 'స్కోర్' (SCORE) అనే ఇంగ్లిషు మాటను పేరుగా పెట్టాను. ఆ లైను దగ్గర సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన తీరు తప్పనే సందేశం, వస్తోంది. పేరును ఎస్, సీ అనే రెండక్షరాలకు కుదిస్తే ప్రోగ్రాం సరిగా నడుస్తోంది. లిస్ట్ ఆజ్ఞతో ప్రోగ్రాంను తెరపై చూస్తే లైనులో తప్పేమీ కనిపించదు. ఎందుకిలా?

జవాబు: ఆ పేరులో మూడు, నాలుగో అక్షరాలుగా ఉన్న ఓ, ఆర్ కలిస్తే 'లేదా' అనే అర్థమున్న 'ఆర్' (OR) అనే కీవర్డ్, అంటే బేసిక్ తన ఆజ్ఞలకు కేటాయించుకున్న మాట, అవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మీరు లైను టైపు చేసి రిటర్న్ కీ నొక్కగానే, దాన్ని మెమరీలో దాచడానికి ముందే ఇంటర్‌ప్రెటర్, అంటే బేసిక్ లైన్లను చదివి అమలు చేసే ప్రోగ్రాం, ఎడమ నుంచి కుడికి ఒకసారి గాలిస్తుంది. ప్రతి అక్షరం దగ్గరా ఆగి, అక్కడి నుంచి ఏదైనా కీవర్డ్ మొదలవుతోందా అని తన పట్టికతో పోల్చి చూసి, దొరికితే ఆ అక్షరాలన్నిటి స్థానంలో 128 లేదా అంతకు మించిన విలువ గల ఒకే బైట్‌ను, అంటే టోకెన్‌ను, ఉంచుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాన్నీ, రెమ్ (REM) ఆజ్ఞ తరువాతి వ్యాఖ్యనూ, డేటా (DATA) ఆజ్ఞ తరువాతి విలువలనూ మాత్రం ముట్టుకోదు. సంధి విడదీసే పాఠకుడు అర్థాన్ని చూసి విడదీస్తాడు. ఇంటర్‌ప్రెటర్‌కు ఈ దశలో అక్షరాలు తప్ప మరేమీ తెలియవు. అందువల్ల మీ వేరియబుల్ ఎస్‌సీ (SC), ఆర్ (OR) టోకెన్, ఈ (E) అనే మూడు ముక్కలైంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఎస్‌సీ అనే వేరియబుల్ తరువాత సమాన చిహ్నం కోసం చూస్తే ఆర్ టోకెన్ ఎదురైంది కనుక ఎర్రర్ వచ్చింది.

లిస్ట్ ఆజ్ఞ టోకెన్‌ను తిరిగి అక్షరాలుగా మార్చి, చుట్టూ ఖాళీలు చేర్చకుండా చూపుతుంది కాబట్టి పేరు చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. ఇది నిజంగా తప్పుదారి పట్టించే మర్యాద. ఆపిల్ 2 లోని ఆపిల్‌సాఫ్ట్ బేసిక్ కూడా ఇలాగే ముక్కలు చేస్తుంది గాని, లిస్ట్‌లో కీవర్డ్‌కు ఇరువైపులా ఖాళీలు పెడుతుంది కనుక పేరు విరిగిన సంగతి కంటికి కనబడుతుంది.

ఈ పద్ధతిని అజ్ఞానమని కొట్టిపారేయలేము. కమోడోర్ 64 బేసిక్ ప్రోగ్రాముకు మిగిల్చేది 38,911 బైట్లు. అంతకుముందు వచ్చిన కమోడోర్ కంప్యూటర్ విక్ 20 కి మిగిలేవి 3,583 మాత్రమే. ప్రింట్ అనే ఐదక్షరాల మాట ఒక్క బైట్‌లో ఇమడడమే కాక, పదాల మధ్య ఖాళీలు వదలకుండా రాసి మరికొంత చోటు మిగుల్చుకొనే వీలుంటుంది. నడిచేటప్పుడు కూడా ఆజ్ఞను అక్షరాలతో పోల్చుకోనక్కరలేదు. టోకెన్ విలువలోంచి 128 తీసివేసి వచ్చిన సంఖ్యతో పట్టికలో ఆ ఆజ్ఞ చిరునామా వెతికితే చాలు.

అయితే ఖాళీలు తీసేయడంలోనూ ప్రమాదం ఉంది. ఎఫ్ (F) అనే వేరియబుల్ వెంటనే ఆర్ (OR) కీవర్డ్‌ను కలిపి రాస్తే, ఆ మూడక్షరాలు 'ఫర్' (FOR) అనే మరో కీవర్డ్ టోకెన్‌గా మారిపోతాయి.

పేరులో మొదటి రెండక్షరాలే లెక్కకు వస్తాయి కనుక మీ సవరణ వల్ల పోయిందేమీ లేదు. 1981 నాటి ఐబీఎం పీసీ బేసిక్ పేర్లను 40 అక్షరాల వరకు గుర్తించి, కీవర్డ్ పేరు మధ్యలో ఉన్నా అంగీకరించింది. ప్రతిగా కీవర్డ్‌కూ పేరుకూ మధ్య ఖాళీ తప్పనిసరి చేసింది. అదే కాలపు మరో ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లోనైతే కీవర్డ్‌కు కేటాయించిన కీ నొక్కితే కీవర్డ్ మొత్తం టోకెన్‌గానే లోపలికి వెళ్తుంది కాబట్టి, పేర్లలో వెతకాల్సిన పనే లేదు.