విదేశాల్లో విపత్తు వస్తే సాయం ఎవరు నడిపిస్తారు, డబ్బు ఎవరిది?

మయన్మార్ భూకంపం తర్వాత 2025 ఏప్రిల్‌లో మన విశాఖ నుంచి నౌకాదళ ఓడ ఐఎన్ఎస్ ఘరియల్ సుమారు 440 టన్నుల బియ్యం, వంటనూనె, నూడుల్స్, బిస్కెట్లు వేసుకుని వెళ్ళింది కదా, ఆ డబ్బు ఐక్యరాజ్యసమితిదేనా అని అడిగారు. కాదండి. అది మన ప్రభుత్వం నేరుగా చేసిన సాయం.

ఐరాస పద్ధతి వేరు. అక్కడ ఓచా అనే విభాగం అవసరాల లెక్క తీసి అందరినీ ఒక తాటిమీదకు తెస్తుంది, రవాణా, గిడ్డంగులు డబ్ల్యూఎఫ్‌పీ (ఐరాస ఆహార సంస్థ), తాగునీళ్ళు యూనిసెఫ్ (ఐరాస పిల్లల సంస్థ) ముందుండి చూస్తాయి. ఇది లేకపోతే ఒకే ఊరికి నాలుగుసార్లు దుప్పట్లు చేరి, పక్క ఊళ్ళో గుక్కెడు నీళ్ళు కూడా దొరకవు. 2014లో హుద్‌హుద్ తుపాను అప్పుడు కరెంటు లేక, పాల ప్యాకెట్ కోసం తిరిగిన మనవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది.

డబ్బే అసలు చిక్కు. దేశాలు ఇష్టపడి ఇస్తేనే వస్తుంది, బలవంతం లేదు, పైగా చాలామంది ‘ఫలానా దేశానికే, ఫలానా పనికే’ అని షరతు పెడతారు. వెంటనే ఖర్చుపెట్టడానికి సెర్ఫ్ అనే అత్యవసర నిధి ఉంది గానీ, అవసరాల ముందు అది చిన్నదే. టీవీలో కనిపించే విపత్తుకి విరాళాలు వస్తాయి, ఏళ్ళ తరబడి నలుగుతున్న సూడాన్, యెమెన్ లాంటి చోట్లకి చాలినంత రావు, ఇది నిజంగా అన్యాయం.

మీరు సాయం చేయాలనుకుంటే పాత బట్టల మూటలకన్నా నగదే మేలు, అక్కడి బజార్లోనే కావలసింది కొనుక్కోవచ్చు.