ముందు వాగును అడుగు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీకు రోడ్డు టెండరు ఖరారైందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో కాసేపు నాకు మాట రాలేదు. పెట్టుబడి కోసం గాజులు బ్యాంకులో పెట్టానని కూడా చెప్పింది. రాత్రి నిద్ర పట్టక లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కూలీల బీమా మొదటి రోజే కట్టు. తారు ధర పెరిగితే ఎవరు భరించాలో ఒప్పందంలో చదువు. కరెంటు స్తంభాలు ఎవరు జరపాలో కాగితం మీద తేలాకే యంత్రాలు దించు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా నీళ్లు.

2004లో ఆదిలాబాద్ జిల్లాలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద ఒక రోడ్డు వేశాను. నేలంతా నల్లరేగడి. మధ్యలో ఒక వాగు. ఎండాకాలం కదా, ఇసుక చార తప్ప ఏమీ కనిపించదు. రోడ్డు కింద నీళ్లు పోయే తూముకు డ్రాయింగులో ఒక్క వరుస పైపులే ఉన్నాయి. అవి దించుతుంటే పక్క పొలం పెద్దాయన వచ్చాడు. చింతచెట్టు మొదట్లో నడుమెత్తున చెయ్యి పెట్టి, "నీళ్లు ఇందాకా వస్తాయి నాయనా, ఒక వరుస చాలదు" అన్నాడు. నేను డ్రాయింగు చూపించి నవ్వాను.

జూన్ చివర్లో ఒకే రాత్రి వాన. కొట్టుకొచ్చిన కొమ్మలు పైపుల నోళ్లు మూసేశాయి. రోడ్డు కోసం నేను పోసిన మట్టికట్టే ఆ నీళ్లకు ఆనకట్ట అయింది. పత్తి గింజలు పెట్టి పది రోజులు కాని ఆయన చేను మునిగింది. తెల్లవారేసరికి కట్టా తెగింది. పరుగెత్తుకుంటూ వెళ్తే, గట్టు మీద కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "చాయ్ తాగావా నాయనా?" అని అడిగాడు.

పని అప్పగించేదాకా నష్టం మనదే. ముందే ఇంజనీరుకు ఒక్క ఉత్తరం రాసి ఉంటే నా మాటకు ఆధారం ఉండేది. రాయలేదు. మూడు వరుసలు పెట్టి మళ్లీ కట్టాను, ఆ రైతుకు గింజల డబ్బు ఇచ్చాను. మీ అత్త గాజులు అప్పుడే పోయాయి. మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు.

అందుకే, రోడ్డు పొడవునా నడిచి వెళ్లు. జీపులో కాదు. పశువులు కాసేవాళ్లను, ముసలివాళ్లను నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అడుగు. పైపులు చాలవనిపిస్తే ఆ రోజే రాసివ్వు, అందినట్టు సంతకం తీసుకో. తూములు వానలకు ముందే ముగించు. పక్క కాలువలకు బిల్లు తక్కువని అందరూ చివరికి వదిలేస్తారు, నువ్వు వదలకు. నల్లరేగడి మేలో బండరాయిలా ఉంటుంది, నమ్మకు. నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి పరీక్ష చేయించాకే దాని బలం లెక్క వెయ్యి. వానలొస్తున్నాయని అరమీటరు మట్టి ఒకేసారి పోసి రోలర్ తిప్పావో, నేనొచ్చి తవ్విస్తాను. పైన గట్టిపడుతుంది, అడుగున వదులుగానే ఉంటుంది.

నీది తొందర మనిషి స్వభావం. మా అరుగు మీద పచ్చి సిమెంటులో నాలుగేళ్లప్పుడు అడుగు వేశావు. మేస్త్రీ చెరిపేస్తానంటే నేనే వద్దన్నాను. ఇప్పటికీ ఉంది.

మే నెలలో వస్తాను. వాగు దగ్గరికి తీసుకెళ్లు. మీ అత్త కూడా వస్తానంటోంది.

మీ మామయ్య