మీ వాడి లెక్కల పేపర్లు ఒకసారి బయటకు తీయండి

ప్రశ్న: మేడమ్, మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. బాబు సీబీఎస్‌ఈలో పదో తరగతి. పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో క్యాంప్ పెట్టారు. పిల్లల పది వేళ్ల ముద్రలు చూసి మెదడు ఎలా పనిచేస్తుందో, ఏ రకం తెలివి ఎంత ఉందో చెబుతామన్నారు. ఆరు వేలు కట్టాం. ముప్పై పేజీల రిపోర్ట్ ఇచ్చారు. వాడికి కుడి మెదడు ఎక్కువట, ఎనిమిది రకాల తెలివిలో లెక్కల తెలివి ఆఖరట, విజువల్ లెర్నర్ అట, సైన్స్ గ్రూప్ వద్దట. వాడికేమో మెషీన్లంటే ప్రాణం. ఇంట్లో మిక్సీ పాడైనా, ఫ్యాన్ పాడైనా విప్పుకుని కూర్చుంటాడు. లెక్కల్లో మాత్రం యాభై దాటడు. రిపోర్ట్ వచ్చినప్పటి నుంచి లెక్కల పుస్తకం తీయడమే లేదు. 'నా మెదడే అంత మమ్మీ' అంటున్నాడు. వాళ్ల నాన్న కామర్స్‌లో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, కామర్స్ మంచి చదువే. మీ వాడికి ఇష్టమైతే నిక్షేపంగా చేర్పించండి. ఆ రిపోర్ట్ చూసి మాత్రం చేర్పించకండి. మీరు రాసిన వాటిలో మార్కుల సంగతి కంటే 'నా మెదడే అంత మమ్మీ' అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పదిహేనేళ్ల పిల్లవాడు తన మీద తానే తీర్పు చెప్పుకుని పుస్తకం మూసేశాడు. గ్రూప్ ఏదన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ మాట వాడి మనసులోంచి పోవాలి. అందుకు మీకూ, వాళ్ల నాన్నగారికీ కొన్ని విషయాలు తెలియాలి.

వేలిముద్రలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. ఆ గీతలు ఇక జీవితాంతం మారవు. చర్మం, మెదడు రెండూ పిండంలో ఒకే పొర నుంచి పుడతాయి కాబట్టి వేలు చూసి మెదడు చెప్పొచ్చని ఈ క్యాంపుల వాళ్లు అంటారు. ఒకే పొర అన్నంత వరకు నిజమే. గోళ్లు, వెంట్రుకలు, పంటి మీది ఎనామిల్ కూడా ఆ పొర నుంచే వస్తాయి. పళ్లు చూసి పిల్లవాడికి ఆల్జీబ్రా వస్తుందో రాదో ఏ డాక్టరూ చెప్పడు కదా. ఈ వేలిముద్రల పరీక్షకు శాస్త్రీయమైన ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా స్పష్టంగా చెప్పింది.

కుడి మెదడు, ఎడమ మెదడు అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. మూర్ఛ ఎంతకీ తగ్గని కొందరికి మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను ఆపరేషన్‌తో కోసేవారు. అలాంటి వాళ్లను పరీక్షించి ఏ సగం ఏ పని చేస్తుందో రోజర్ స్పెర్రీ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టారు. 1981లో ఆయనకు నోబెల్ వచ్చింది. చాలామందిలో మాటకు సంబంధించిన పని ఎక్కువగా ఎడమవైపు జరుగుతుందన్నది నిజం. అయితే మీ వాడి మెదడును ఎవరూ కోయలేదు. ఆ కట్ట నిక్షేపంగా ఉంది, రెండు సగాలూ క్షణక్షణం మాట్లాడుకుంటూనే ఉంటాయి. అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్లు వెయ్యి మందికి పైగా మనుషుల మెదడు స్కాన్లు చూసి, 'కుడి మెదడు మనిషి', 'ఎడమ మెదడు మనిషి' అనే తేడా కనిపించలేదని 2013లో ప్రకటించారు.

ఇక ఎనిమిది రకాల తెలివి. ఇది హోవర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పింది. 1983లో ఏడు రకాలన్నారు: మాట, తర్కం-లెక్క, సంగీతం, ఆకారాలను ఊహించడం, శరీరాన్ని వాడే నేర్పు, ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడం, తనను తాను అర్థం చేసుకోవడం. తర్వాత ప్రకృతిని గమనించే తెలివిని ఎనిమిదోదిగా చేర్చారు. మార్కుల జాబితా ఒక్కటే పట్టుకుని పిల్లల్ని తూచే మనలాంటి వాళ్లకు ఇది మంచి హెచ్చరికే. కానీ ఈ ఎనిమిదీ మెదడులో ఎనిమిది గదులు కావు. చాలామంది సైకాలజిస్టులు ఆ విభజనను ఒప్పుకోరు కూడా. ఒక రకం పరీక్షలో బాగా చేసేవాళ్లు మిగతా వాటిలోనూ ఎంతో కొంత బాగానే చేస్తారని స్పియర్‌మన్ అనే ఇంగ్లండ్ సైకాలజిస్టు 1904లోనే చూపించారు. ఈ ఎనిమిదింటినీ వేలి గీతల నుంచి శాతాలుగా తీయమని మాత్రం గార్డ్‌నర్ ఎక్కడా చెప్పలేదు.

తెలివిని కొలిచే మొదటి పరీక్షను 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తయారుచేశారు. బడిలో వెనకబడిన పిల్లల్ని గుర్తించి వాళ్లకు ఎక్కువ సాయం అందించాలనే ఆ పని మొదలైంది. 'వీడి తెలివి ఇంతే, ఇక పెరగదు' అనే వాదనను ఆయన గట్టిగా ఖండించారు. ఆ సంగతి అందరం మర్చిపోయాం. నేనూ తప్పు చేశాను. ఈ వృత్తిలో కొత్తలో చాలామంది పిల్లలకు 'విజువల్ లెర్నర్', అంటే కళ్లతో చూస్తేనే బాగా నేర్చుకునేవాడు అని రాసిచ్చాను. ఆ ముద్రను బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని 2008లో నలుగురు సైకాలజిస్టులు పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. అది చదివాక రాయడం మానేశాను.

పిల్లలందరూ ఒకేలా పుడతారని నేను అనను. కొందరికి లెక్క త్వరగా పట్టుబడుతుంది, కొందరికి టైం పడుతుంది. కానీ వాడకంతో మెదడు మారుతుంది. లండన్‌లో టాక్సీ లైసెన్స్ కావాలంటే సుమారు 25,000 వీధులు బుర్రకెక్కించుకోవాలి. దానికి ఏళ్లు పడుతుంది. అలా నేర్చుకుని పాసైన వాళ్లలో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగం వెనకవైపు పెరిగినట్టు 2011లో స్కాన్లలో కనిపించింది. పాస్ కాని వాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. వాళ్లంతా పెద్దవాళ్లు. మీ వాడికి ఇంకా పదిహేనే.

ఇప్పుడు మీ మిక్సీ దగ్గరికి వద్దాం. మిక్సీ తిరగకపోతే వాడు ఏం చేస్తాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ముందు ప్లగ్ చూస్తాడు. తర్వాత తిరగేసి కింద ఉండే ఎర్ర బటన్ నొక్కుతాడు. అప్పటికీ కదలకపోతే స్క్రూలు విప్పి కార్బన్ బ్రష్‌లు అరిగాయా అని చూస్తాడు. ఇది అయ్యుండొచ్చు, కాదు, అయితే తర్వాతిది అంటూ ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ పోవడమే తర్కం. జ్యామెట్రీలో రైడర్, అంటే నిరూపించమని ఇచ్చే లెక్క సాధించేటప్పుడు చేసేదీ ఇదే. అంతమాత్రాన మిక్సీ బాగుచేసిన వాడికి లెక్కలు వాటంతటవే వచ్చేస్తాయని చెప్పను. తర్కం లేదన్న మాట అబద్ధమని మాత్రం చెబుతాను.

మరి యాభై ఎందుకు దాటడం లేదు? దానికి జవాబు వాడి ఆన్సర్ షీట్లలో ఉంటుంది. రెండేళ్ల కింద 'లెక్కలు రావు' అంటూ ఒక తెలుగు అబ్బాయినే తీసుకొచ్చారు. మూడు పేపర్లు టేబుల్ మీద పరిచి, తప్పులన్నింటికీ పెన్సిల్‌తో సున్నా చుట్టాం. మొత్తం 22. తొమ్మిది చోట్ల పద్ధతి అంతా సరిగ్గా రాసి, ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మార్చేటప్పుడు మైనస్ వదిలేశాడు. ఆరు చోట్ల ఎక్కం తప్పు, ఏడు ఎనిమిదులు 54 అని వేశాడు. నాలుగు చోట్ల ప్రశ్నే అర్థం కాలేదు. నాణేలు ఎగరేసే లెక్కలో 'ఎట్ లీస్ట్', 'ఎట్ మోస్ట్' తారుమారు చేసుకున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పేపర్‌లో ఇంగ్లీష్. ఈ ఊళ్లో మన పిల్లల్లో ఇది తరచుగా చూస్తుంటాను. పాఠమే తెలియక పోయినవి మూడంటే మూడు. ఆ కాగితాలు చూసి వాళ్లమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఎందుకిలా జరుగుతుందంటే, మెదడు ఒక్క క్షణంలో పట్టి ఉంచుకోగలిగేవి మూడో నాలుగో విషయాలే. ఎక్కం నోటికి రాకపోతే ఆ కాస్త చోటూ ఏడు ఎనిమిదులకే ఖర్చయిపోతుంది, మైనస్ జారిపోతుంది. టెన్షన్ కూడా ఆ చోటునే తినేస్తుంది. 'నాకు లెక్కలు రావు' అనుకుంటూ పరీక్ష రాసేవాడికి సగం చోటే మిగులుతుంది.

కాబట్టి ఎక్కాలు 20 వరకు మళ్లీ మొదలుపెట్టించండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. రోజూ ఓ నలభై నిమిషాలు చాలు. సాల్వ్ చేసిన లెక్కను చూసి 'అర్థమైంది' అనుకోనివ్వకండి. పుస్తకం మూయించి, తెల్లకాగితం మీద మళ్లీ చేయించండి. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో పరీక్షించి చూశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన వాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. చూడకుండా గుర్తుచేసుకున్న వాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పరీక్ష వారాల తర్వాత కదా వచ్చేది. అదే లెక్కను రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి ఇవ్వండి. రాత్రి పదకొండు తర్వాత మాత్రం కూర్చోబెట్టకండి, చదివింది నిలబడేది నిద్రలోనే.

ఇలా ప్రీబోర్డ్ దాకా చేసి చూడండి, గ్రూప్ సంగతి అప్పుడు తేల్చవచ్చు. ఈలోగా పదో తరగతిలో స్టాండర్డ్ మ్యాథ్స్ తీసుకున్నాడా, తేలికగా ఉండే బేసిక్ తీసుకున్నాడా కనుక్కోండి. బేసిక్ అయితే పదకొండులో లెక్కలు ఇస్తారో లేదో స్కూల్లో ఇప్పుడే అడిగిపెట్టుకోండి. మార్కులు పెరిగి, వాడికీ ఇష్టముంటే ఎంపీసీ తీసుకోనివ్వండి. ఇక్కడి పీయూ కాలేజీల్లో అదే పీసీఎంసీ, పీసీఎంబీ అనే పేర్లతో ఉంటుంది. లెక్కలు ఓ మోస్తరుగానే వస్తూ, చేతిపని మీదే ప్రాణం ఉంటే రాజాజీనగర్‌లో ప్రభుత్వ టూల్ రూమ్ ఉంది, జీటీటీసీ అంటారు. పది పాసైన వాళ్లకు టూల్ అండ్ డై మేకింగ్‌లో, అంటే ఫ్యాక్టరీలకు కావాల్సిన పనిముట్లు, అచ్చులు తయారుచేయడంలో డిప్లొమా ఉంది. చుట్టాల ముందు చెప్పుకోవడానికి కొందరు నామోషీ పడతారు గానీ మెషీన్లంటే ఇష్టమున్న పిల్లలకు అంత మంచి చోటు ఈ ఊళ్లో నాకు తక్కువే తెలుసు. వస్తువులకు రూపం ఇవ్వడం ఇష్టమైతే ప్రోడక్ట్ డిజైన్ ఉంది. ఐఐటీల డిజైన్ కోర్సులకు రాసే యూసీడ్ అనే ప్రవేశ పరీక్షకు ఇంటర్‌లో ఏ గ్రూప్ చదివినా ఫర్వాలేదు.

ఇంకో పని చేయండి. హోసూర్ రోడ్డులో మెదడు, మానసిక జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది కదా, అక్కడ బ్రెయిన్ మ్యూజియం ఉంది. సందర్శకులను ఏ రోజుల్లో రానిస్తారో కనుక్కుని వాడిని తీసుకెళ్లండి, వాళ్ల నాన్నగారు కూడా వెళ్తే ఇంకా మంచిది. నిజమైన మనిషి మెదడును దగ్గర నుంచి చూడొచ్చు. కిలోన్నర కూడా ఉండదు. ఒంటి బరువులో రెండు శాతం, కానీ మనం తిన్న తిండిలో ఐదో వంతు శక్తి దానికే పోతుంది. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు. మెషీన్లు విప్పి చూసే పిల్లవాడు దాన్ని చూసి ఊరుకోడు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. వేయనివ్వండి.

పాత పేపర్లు ఇంట్లో లేకపోతే పీటీఎం (పేరెంట్-టీచర్ మీటింగ్) రోజు క్లాస్ టీచర్‌ను అడగండి, చూపిస్తారు. ఫోటోలు తీసి నాకు పంపండి. పెన్సిల్ పట్టుకుని వాడినీ పక్కన కూర్చోబెట్టుకుందాం. ఏ తప్పు ఏ రకమో వాడే చెప్పాలి.