గ్రాంట్‌కి ఆర్మీ ఇస్తే గేమ్ ఎందుకు గొడవ చేస్తోంది?

మీ ప్రశ్న అర్థమైంది: అమెరికా అంతర్యుద్ధం మీద ఏజియాడ్ వాళ్లు చేసిన కంప్యూటర్ గేమ్ ‘సివిల్ వార్ 2’లో ఉత్తరాది జనరల్ గ్రాంట్‌కి మూడో నక్షత్రం (ఆర్మీని నడిపే హోదా) వచ్చింది, ఆర్మీ అప్పగించబోతే మనోబలం, విక్టరీ పాయింట్లు పోతాయని హెచ్చరిక వస్తోంది. ఉన్నవాళ్లలో సమర్థుణ్ని పెడితే జరిమానా ఏమిటని.

జరిమానా గ్రాంట్‌ని పెట్టినందుకు కాదండీ, మిగతావాళ్లని దాటేసినందుకు. ప్రతి జనరల్‌కీ ఒక సీనియారిటీ అంకె ఉంటుంది, అది ఎంత చిన్నదైతే అంత సీనియర్. పైవాళ్లు ఆర్మీ లేకుండా ఖాళీగా ఉండగా కిందివాడికి కట్టబెడితే, వాళ్ల రాజకీయ పలుకుబడిని బట్టి మీకు దెబ్బ పడుతుంది.

యూనియన్ (ఉత్తరాది) వైపు ఆడేటప్పుడు నేను చేసేది ఇదీ: చేతకాని సీనియర్‌కి ఒక ఆర్మీ ఇచ్చి, పెద్దగా పోరు లేని చోట కూర్చోబెడతాను. పేరుకి ఆర్మీ, పనికి కాపలా. పైకి తేవాలనుకున్నవాణ్ని పశ్చిమాన వరసగా గెలిచే యుద్ధాల్లోకి దింపుతాను. గెలిచేకొద్దీ సీనియారిటీ మెరుగవుతుంది, దాటాల్సినవాళ్లు తగ్గుతారు.

ఇది గేమ్ వాళ్లు ఊరికే పెట్టిన తలనొప్పి కాదు. 1862 మార్చిలో యూనియన్ వాళ్ల పోటోమాక్ సైన్యాన్ని కోర్లుగా (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళాలుగా) విడగొట్టమని అధ్యక్షుడు లింకన్ ఆదేశించి, కోర్ కమాండర్లనూ తనే నియమించాడు. సీనియారిటీ ప్రకారం మెక్‌డొవెల్, సమ్నర్, హైంట్‌జల్‌మన్, కీస్ వచ్చారు. ఆ సైన్యాధిపతి మెక్లెలన్ ఇష్టంతో పని లేకపోయింది. ఇక గెటిస్‌బర్గ్ యుద్ధం చూడండి. 1863 జులై 1న అక్కడి యూనియన్ జనరల్ రెనాల్డ్స్ చనిపోగానే, సైన్యాధిపతి మీడ్ అక్కడి పగ్గాలు జనరల్ హాన్‌కాక్‌కి ఇచ్చి పంపాడు. అప్పటికే అక్కడున్న జనరల్ హోవర్డ్ హాన్‌కాక్‌ కంటే సీనియర్. ఒకవైపు కాన్ఫెడరేట్లు (దక్షిణాదివాళ్లు) మీదికొస్తుంటే, ఇంకోవైపు వీళ్లిద్దరి మధ్య పెత్తనం ఎవరిదన్న పంచాయితీ! హోదాతో నిమిత్తం లేకుండా ఎవరినైనా నియమించే అధికారం మీడ్‌కి ముందే ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన గేమ్ హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో ఈ బాధ లేదు. జనరల్ కింద 24 డివిజన్లు, పైన ఫీల్డ్ మార్షల్, అంతే. ఎవరూ అలగరు. నాకైతే అది చప్పగా అనిపిస్తుంది.

జరిమానా కట్టయినా సరే గ్రాంట్‌ని పెట్టడం లాభమా అంటే, చాలాసార్లు లాభమే. ఆర్మీ కమాండర్ వ్యూహ సామర్థ్యం అతని పరిధిలో ఉన్న కోర్లకి కలిసొస్తుంది, మందకొడివాడైతే కిందివాళ్లనీ వెనక్కి లాగేస్తాడు. వ్యూహ సామర్థ్యం తక్కువైన జనరల్ తరచూ ఇనాక్టివ్ అవుతాడు, అప్పుడు గేమ్ దాడి భంగిమ పెట్టనే పెట్టనివ్వదు. పైగా పక్క ప్రాంతం నుంచి ఫిరంగుల మోత విని సాయానికి వచ్చేవి ఒకే ఆర్మీ కింది కోర్లే. విడిగా తిరిగే దళాలు ఎంత దగ్గరున్నా కదలవు.

అందుకని జరిమానా లెక్క వేసేముందు, గ్రాంట్ కిందికి కోర్‌ని నడపగల రెండు నక్షత్రాలవాళ్లు ఎంతమంది రాగలరో చూసుకోండి. కోర్లు కట్టడానికి మనుషులు లేకపోతే ఆర్మీ ఇచ్చినా ఉపయోగం సగమే. అలాంటప్పుడు ఇంకో వేసవి ఆగి, ఈలోపు ఒక నక్షత్రం ఉన్న బ్రిగేడియర్లలో ఇద్దరు ముగ్గురికి ప్రమోషన్ వచ్చేలా యుద్ధాలు చేయించండి.